పుట్టింటి కాన్పులూ అత్తింటి కాన్పులూ

మా తోటికోడలంటే నాకు కుళ్ళు. ఈ మాట మొదటే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. చాలామంది ఇలాంటివి లోపల పెట్టుకుని, మేమిద్దరం అక్కచెల్లెళ్ళలా ఉంటామండీ అని నలుగురిలో చెప్పుకుంటారు. మేమూ చెప్పుకునేవాళ్ళం. కాకపోతే తను ఆ మాట మనస్ఫూర్తిగా అనేది. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే.

రాజమండ్రిలో మా అత్తగారిది రెండంతస్తుల ఇల్లు. కింద మా అత్తగారు, మా ఆయన, నేను, మా అమ్మాయి. పైన మా మరిది, ఆయన భార్య, వాళ్ళబ్బాయి. వంట మాత్రం అందరికీ కలిపి కిందే. నేను ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చిన కొన్నేళ్ళకి తను చిన్నకోడలిగా వచ్చింది. నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. తను కాన్పుల డాక్టరు. తను రాకముందు రిక్షావాళ్ళు మా ఇంటిని మామగారి పేరుతో గుర్తుపట్టేవారు. తనొచ్చిన ఏడాదికల్లా అది డాక్టరమ్మగారి ఇల్లయిపోయింది. కూరగాయల మార్కెట్లో నన్ను ఎవరికైనా చూపించాలంటే, డాక్టరమ్మగారి తోటికోడలండి అని చూపించేవారు. ఆ ఇంటికి ముందొచ్చింది నేను, తాళంచెవులు ముందు పట్టుకుంది నేను, చివరికి ఆవిడ తాలూకు మనిషిగా మిగిలిందీ నేనే.

వానాకాలం గోదావరికి ఎర్రనీరు రాగానే ఎవరో ఒకరు గుమ్మంలోకి పులస తెచ్చేవారు. తమ కూతురికి డాక్టరమ్మగారి చేతుల మీదుగా కాన్పయిందని, ఆవిడ తినాలని. వేసవిలో మామిడిపళ్ళ బుట్టలు, పనసకాయలు, పూతరేకుల పెట్టెలు. నా దగ్గర చదివి ఫస్టుక్లాసులో పాసైనవాళ్ళు ఎంతమందో ఉన్నారు. ఒక్కడు ఒక చేప ముక్క తెచ్చిన పాపాన పోలేదు. ఆ వచ్చిన పులసని కడిగి, దాకలో పులుసు పెట్టేది మాత్రం నేనే. తిన్నవాళ్ళందరూ డాక్టరమ్మ పుణ్యమా అని తిన్నాం అనేవారు.

ఇవన్నీ పైపైవి. అసలు కుళ్ళు పిల్లల దగ్గర మొదలైంది. మా అమ్మ నేను చదువుకునే రోజుల్లోనే పోయింది. కడియంలో నాన్నగారు, ఆయన నర్సరీ, అంతే మా పుట్టిల్లు. అందుకని నా తొలి కాన్పు అత్తగారింట్లోనే అయింది. మా అమ్మాయి చాలా తక్కువ బరువుతో పుట్టింది. మా అత్తగారు పొత్తిళ్ళలో చూసి, "ఏంటమ్మా, చేతిలో ఏమీ లేనట్టే ఉంది" అన్నారు. తర్వాత కొన్నేళ్ళకి మా తోటికోడలికి ఏడో నెల రాగానే వాళ్ళమ్మ చలిమిడి పెట్టి, గాజులు తొడిగి, భీమవరం దగ్గర వాళ్ళ ఊరికి తీసుకెళ్ళింది. తను నెలల పిల్లాడితో తిరిగి వచ్చింది. వాడు ఎంత బొద్దుగా ఉన్నాడంటే, వీధిలోవాళ్ళు పని మానుకుని చూడ్డానికొచ్చారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక లెక్క స్థిరపడిపోయింది. చిన్నకోడలిది గట్టి ఒళ్ళు, పెద్దకోడలి ఒంట్లో బలం లేదు. మా అమ్మాయి స్కూల్లో పరుగుపందెంలో మొదట వచ్చినా ఆ లెక్క మారలేదు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీతోపాటు ఆ మాట కూడా అందేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా తోటికోడలు ఇంకో పని మొదలుపెట్టింది. ఒక ధర్మసంస్థ వాళ్ళ వ్యానులో ప్రతి గురువారం కాలవ వెంబడి పల్లెలకి వెళ్ళి, గర్భిణులకి క్లాసు చెప్పేది. స్కూలు వరండాలో కూర్చోబెట్టి ఏం తినాలో, ఎంత నిద్రపోవాలో, ఐరన్ మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పి, బరువు చూసి, చేతిలో రాగి లడ్డూలు పెట్టి పంపేది. ఒకటిన్నర ఏడాది గడిచేసరికి క్లాసుకి వచ్చినవాళ్ళ పిల్లలు రానివాళ్ళ పిల్లల కంటే బాగా బరువుగా పుడుతున్నారని లెక్క తేల్చింది. పేపర్లో జిల్లా పేజీలో పసిబిడ్డని ఎత్తుకున్న తన ఫొటో పడింది. మా అత్తగారు ఆ కాగితం కత్తిరించి ఫ్రిజ్ మీద, రోజూ నేను పాలు తీసేచోట అంటించారు. ఆ ఏడాదే నాకు యూనివర్సిటీ పరీక్షకి పేపరు తయారుచేసే పని ఇచ్చారు. దానికి ఫొటో వెయ్యరు, పైగా ఎవరికీ చెప్పకూడదు.

సంస్థవాళ్ళు మాత్రం ఊరికే మురిసిపోలేదు. దసరా వెళ్ళాక కూర్చుంటాం, ఇది నిజంగా పనిచేస్తోందని ఎవరైనా లెక్కలు తెలిసినవాళ్ళు చూసి చెబితే కాలవ పొడుగునా అన్ని ఊళ్ళకీ వ్యాను తిప్పుతాం, లేకపోతే ఆపేస్తాం అన్నారు. భోజనాల దగ్గర మా మరిది, మన వదిన ఉంది కదా అన్నాడు. మా తోటికోడలు నా వైపు తిరిగి, "అక్కా, మీరు చూసిపెడతారా? మీరు బాగుందంటేనే నాకు ధైర్యం" అంది. నేను సరేనన్నాను. పులుసు వడ్డిస్తున్నానుగానీ లోపల నాకు పండగలా ఉంది. తను నా చేతికి చిక్కింది.

ఎందుకంత సంబరమంటే, తను తేల్చిన లెక్కలో తప్పు నాకు వినగానే తెలిసింది. ఇంటర్ పిల్లలకి కూడా తెలియాల్సిన తప్పు. వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ పక్కపక్కన పెట్టి పోల్చింది. కానీ క్లాసుకి వచ్చేదెవరు? కాస్త చదువుకున్నవాళ్ళు, తీరిక ఉన్నవాళ్ళు, ఇల్లు దగ్గరైనవాళ్ళు. వాళ్ళు క్లాసుకి రాకపోయినా వాళ్ళ పిల్లలు బరువుగానే పుట్టేవారేమో. మా నాన్నగారి నర్సరీలో కొత్త ఎరువొచ్చిందంటే పనివాళ్ళు దాన్ని నీటి బోదె పక్కనున్న మొక్కలకే వేసేవారు, దగ్గర కాబట్టి. అవి ఎలాగూ ఏపుగా ఎదిగే మొక్కలే. ఏ మొక్కకి వెయ్యాలో చీటీలు తీసి వేస్తే ఎరువు సంగతి తేలుతుంది. గర్భిణులకి మాత్రం చీటీలు తీసి, నువ్వు రా, నువ్వు రావద్దు అనలేం కదా.

ఆ చిక్కుకి ఒక దారుందని వాల్తేరులో నాకు చదువు చెప్పిన మాస్టారు ఒకసారి జిరాక్సు కాగితాలు పంపారు. దాన్ని ప్రొపెన్సిటీ స్కోరు అంటారు. నేను నా సౌకర్యానికి మొగ్గు మార్కు అనుకునేదాన్ని. ఒక మనిషి వయసు, చదువు, పొలం, ఎన్నో కాన్పు, ఇల్లు ఎంత దూరం, ఇవన్నీ చూసి, ఈవిడ క్లాసుకి వచ్చే మొగ్గు ఎంత అని సున్నాకీ ఒకటికీ మధ్య ఒక మార్కు వేస్తాం. వచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి, రావడానికి ఎంత వీలుందన్నదే ఆ మార్కు. తర్వాత ఒకే మార్కున్న ఇద్దర్ని, వచ్చినావిడ ఒకతె, రానావిడ ఒకతె, జత కడతాం. ఇద్దరికీ మొగ్గు సమానం, ఒకతె వచ్చింది, ఒకతె రాలేదు. ఇప్పుడు పిల్లల బరువుల్లో తేడా ఉంటే అది క్లాసు గొప్ప అనుకోవచ్చు. అలాంటి జతలన్నీ కలిపి చూస్తే పోలిక కాస్త న్యాయంగా ఉంటుంది. ఒక్క మెలిక ఉంది. మనం అడిగిన ప్రశ్నలకే ఆ మార్కు లొంగుతుంది. అడగనిదేదైనా ఉంటే మార్కులు కలుస్తాయిగానీ మనుషులు కలవరు.

మా తోటికోడలు ఇచ్చిన కార్డుల కట్టలన్నీ, క్లాసుకి వచ్చినవాళ్ళవీ, ఊళ్ళ నర్సమ్మల చేత రాయించిన రానివాళ్ళవీ, కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కూర్చుని ఎక్కించాను. కరెంటు పోయినప్పుడల్లా సగం మళ్ళీ ఎక్కించాను. ఇంత కష్టం నా సొంత పనికి కూడా ఎప్పుడూ పడలేదు. ప్రేమతో చేసే పని కంటే కుళ్ళుతో చేసే పని శ్రద్ధగా సాగుతుందని నాకు అప్పుడు అర్థమైంది. జతలు కట్టి చూశాను. తేడా కొంచెం తగ్గింది, అంతే. ఇంకా బలంగానే నిలబడింది. మార్చి మార్చి కట్టాను. కదల్లేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. దేవుడు డాక్టర్ల పక్షమే అనుకుని ఫ్లాపీ బ్యాగులో పడేసుకుని ఇంటికొచ్చేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా అత్తగారి ఆడపడుచు అమలాపురం నుంచి వచ్చారు. ఇద్దరూ వంటింటి గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. నేను అంట్లు సర్దుతున్నాను. మా అత్తగారు మామూలు పాట ఎత్తుకున్నారు. "చిన్నకోడలు పుట్టింటి నుంచి పిల్లాణ్ణి తెచ్చినప్పుడు చూడాలి వదినా, ఎత్తుకుంటే చేతులు లాగేసేవి. పెద్దకోడలి పిల్లని దూదిలో పెట్టి పెంచాం. ఎంతైనా తల్లి ఒంట్లో ఉండాలండి" అన్నారు. నాకు ఆ మాట కొత్త కాదు. ఎన్నిసార్లు విన్నా కడుపులో మంట మాత్రం కొత్తగానే పుట్టేది. ఆ రోజు కూడా మండింది. మండుతుండగానే, పుట్టింటి నుంచి అన్న మాట దగ్గర నా చేతిలో గిన్నె ఆగిపోయింది.

తను ఉన్నది తల్లి దగ్గర. నేను ఉన్నది అత్త దగ్గర. మా అత్తగారు చెడ్డావిడ కాదు, నన్ను రాచి రంపాన పెట్టిందేమీ లేదు. ఆ ఇంటి పద్ధతి అలా ఉండేది. పొద్దున్నే అందరికీ వండి కాలేజీకి వెళ్ళడం, వచ్చి మళ్ళీ వండటం, మగవాళ్ళు తిన్నాక పెద్దవాళ్ళు, వాళ్ళయ్యాక మిగిలినదాంతో నేను. అక్కడ తనని మంచం దిగనిచ్చేవారు కాదు. సున్నుండలు డబ్బాలో ఉండేవి, డబ్బా మంచం పక్కనే ఉండేది. ఈ తేడా కార్డుల్లో ఎక్కడుంది? మా వైపు వీలున్న ప్రతి ఇంట్లోనూ తొలి కాన్పుకి కూతుర్ని తెచ్చుకుంటారు. ఏ ఊళ్ళో చూసినా గర్భిణుల్లో కొందరు ఆ ఊరి కూతుళ్ళు, కొందరు ఆ ఊరి కోడళ్ళు. మా తోటికోడలు ఊరి పేరు రాసుకుంది, వయసు రాసుకుంది, ఎన్నో కాన్పో రాసుకుంది. ఇది నీ పుట్టిల్లా, అత్తారిల్లా అని ఒక్కర్నీ అడగలేదు. తనకి తట్టదు. ముద్దుగా పెరిగి, ముద్దుగా కని వచ్చిన మనిషికి ఎలా తడుతుంది? నాకు తట్టింది.

తర్వాతి గురువారం కాలేజీకి సెలవు పెట్టి నేనూ వ్యాను ఎక్కాను. రెండు ప్రశ్నలు అడగాల్సి ఉందని మాత్రం చెప్పాను. స్కూలు వరండాలో క్లాసు నిండుగా ఉంది. పొద్దున పదింటికి తలంటుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. సగం మంది పక్కన వాళ్ళ తల్లులు కూర్చుని ఉన్నారు. దారినపోయే ప్రతివాణ్ణీ బాబాయ్, మావయ్యా అని పిలిచి నవ్వుతున్నారు. పుట్టిల్లా అత్తారిల్లా అంటే, ఇదేం ప్రశ్నండీ, పురిటికి ఇక్కడికి కాక ఎక్కడికి వెళ్తాం అన్నారు. వ్యాను వచ్చిన దారిలో కాలవ రేవులో బట్టలు ఉతుకుతూ, నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడ్డ అమ్మాయిని నేను చూశాను. ఆవిడ ఆ ఊరి కోడలట. పదింటికి ఆవిడకి క్లాసెక్కడిది? కార్డుల్లో ఉన్న, అప్పటికే కాన్పయినవాళ్ళ సంగతి ఊరి నర్సమ్మని అడిగితే పొల్లుపోకుండా చెప్పింది. తొలి కాన్పే అయినా తల్లి లేక అత్తగారింట్లో ఉండిపోయినవాళ్ళు, తీసుకెళ్ళే స్తోమత పుట్టింటికి లేనివాళ్ళు ఉన్నారు. రెండో కాన్పుకి కూడా పుట్టింటికొచ్చినవాళ్ళు ఉన్నారు. మిగతా ఊళ్ళకీ అలాగే తిరిగి అడిగి రాసుకొచ్చాను.

ఆ ఒక్క ప్రశ్న చేర్చి మార్కులు మళ్ళీ వేస్తే, కంప్యూటరు మీద జనం రెండుగా చీలిపోయారు. కూతుళ్ళలో ఎక్కువమంది మార్కు ఒకటికి దగ్గర, కోడళ్ళ మార్కు సున్నాకి దగ్గర. కూతుర్ని కూతురితో జత కట్టి చూశాను. క్లాసుకొచ్చిన కూతురి బిడ్డకీ, రాని కూతురి బిడ్డకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. మా తోటికోడలు ఇన్నాళ్ళూ కొలిచింది తన క్లాసు గొప్ప కాదు, ఊళ్ళోని తల్లుల వంట గొప్ప. ఆ సాయంత్రం నేను కోటగుమ్మం దగ్గర ఆటో దిగి మల్లెపూలు కొనుక్కున్నాను. మా ఆయన ఏంటి విశేషం అని అడిగాడు. ఏమీ లేదన్నాను. అత్తగారికి కూడా ఒక మూర ఇచ్చాను.

మర్నాడు మిగతా సగం చూశాను, పని సగంలో వదిలెయ్యడం నాకు చేతకాదు కాబట్టి. కోడళ్ళలో క్లాసుకొచ్చినవాళ్ళు చాలా కొద్దిమంది. వాళ్ళకి రాని కోడళ్ళతో జత కట్టాను. అక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. మా తోటికోడలు పేపర్లో చెప్పుకున్నదానికంటే కూడా ఎక్కువ. ఇంత కొద్దిమందితో గట్టిగా ఏమీ చెప్పలేమని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఏ జత తీసినా ఒకవైపే మొగ్గుతోంది. చివరికి ఎందుకో నా వివరాలు నేనే టైపు చేశాను. నేను గర్భిణిగా ఉన్నప్పటి వయసు, చదువు, తొలి కాన్పు, అత్తారిల్లు. నేను ఆ క్లాసుకి వచ్చి ఉండే మొగ్గు ఎంతో చెప్పమన్నాను. ఉన్నా లేనట్టే అని వచ్చింది. అప్పట్లో మా వీధిలోకే వ్యాను వచ్చినా నేను వంటింట్లోంచి కదిలేదాన్ని కాదు. ల్యాబులో అటెండరు కిటికీలు వేస్తుంటే లేచి వచ్చేశాను.

మేడ మీద బట్టలు తీస్తుంటే మా తోటికోడలికి అంతా చెప్పాను. మొదటి సగం నెమ్మదిగా, రుచి చూస్తూ చెప్పాను. తన మొహం ఎప్పుడు వాడిపోతుందా అని చూశాను. తను మడతపెడుతున్న దుప్పటి చేతిలోనే పట్టుకుని వింది. వాడిపోలేదు. "అయితే ఇన్నాళ్ళూ కడుపు నిండినవాళ్ళకే లడ్డూలు పెట్టానన్నమాట" అంది. ఓడిపోవడం కూడా నాకంటే తనకే బాగా వచ్చు.

రెండో సగం కూడా చెప్పక తప్పలేదు. తన కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసి ఓర్వలేక నా దగ్గరున్న ఆఖరి మాట తీశాను. ఆ కొద్దిమంది కోడళ్ళు క్లాసుకి ఎలా వచ్చారనుకున్నావు, వాళ్ళ అత్తలు పంపితే వచ్చారు. పనులాపి కోడల్ని క్లాసుకి పంపే అత్త ఇంట్లో ఒక ముద్ద ఎక్కువే పెట్టి ఉంటుంది. పిల్ల బరువు నీ క్లాసు వల్లా, ఆ అత్త వల్లా అన్నది నా మార్కుకి తేలదు. అత్త మనసెలాంటిదో ఏ కార్డులో రాస్తాం, దానికి ఏ ప్రశ్న అడుగుతాం అన్నాను. పూర్తిగా సరైన మాటే. మా మాస్టారు వింటే మెచ్చుకునేవారు.

మా తోటికోడలు చేతిలో దుప్పటి మడత పూర్తిచేసి, "నా వల్లయితేనేం, అత్త వల్లయితేనేం అక్కా. పిల్ల బాగా పుడితే చాలు కదా" అంది. తర్వాత, "అయితే కోడళ్ళ కంటే ముందు అత్తల్ని పిలవాలి" అంది. ఇంత కష్టపడి నేను వేసిన ముడిని తను బట్టలు మడతపెట్టినంత తేలిగ్గా విప్పేసి కిందికి వెళ్ళిపోయింది. దండెం మీద మిగిలిన బట్టలు నేనే తీసుకొచ్చాను.

దసరా వెళ్ళాక సంస్థవాళ్ళ ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. కూతుళ్ళకి పెద్ద ఉపయోగం లేదు, కోడళ్ళకి ఉండవచ్చు, కానీ వచ్చినవాళ్ళు తక్కువ, అత్తల సంగతి తేలదు. వాళ్ళు నా మాటే విన్నారు. వ్యాను ఆపలేదు, ఇంకో ఏడాది కోడళ్ళ కోసం నడిపి చూడమన్నారు. బయటికొచ్చాక మెచ్చుకున్నది మాత్రం తననే. తప్పు చెప్పించుకున్నందుకు కూడా పొగడ్తలు వస్తాయని నాకు తెలియదు.

కొత్త క్లాసు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టారు. కోడలు అత్తని వెంటబెట్టుకుని రావాలి. మొదటి గురువారానికి మా తోటికోడలు మా అత్తగార్ని తీసుకెళ్తానంది. డాక్టరు చెబితే అత్తలు వినరట, ఇంకో అత్త చెబితే వింటారట. మా అత్తగారు జరీచీర కట్టుకుని వ్యానులో ముందు సీట్లో కూర్చున్నారు. వచ్చినవాళ్ళ వివరాలు రాసుకోవడానికి నేను వెనక కూర్చున్నాను. చిన్నకోడలి బొద్దు పిల్లాడి కథ ఊరూరా చెప్పుకోవడానికి మా అత్తగారికి ఇంకో చోటు దొరికిందని దారంతా పళ్ళు నూరుకుంటూ వెళ్ళాను.

వరండాలో ఒకవైపు అత్తలు, ఒకవైపు కోడళ్ళు కూర్చున్నారు. అత్తలు మొహాలు గంటు పెట్టుకుని ఉన్నారు. మా తోటికోడలు "మా అత్తగారు నాలుగు మాటలు చెబుతారండి" అని మైకు ఆవిడ చేతికిచ్చి పక్కకి తప్పుకుంది. నేను చివర, తూకం పెట్టిన బల్ల దగ్గర ఉన్నాను. మా అత్తగారు కొంగు సర్దుకుని, కాసేపు ఆ కోడళ్ళని చూసి, మొదలుపెట్టారు.

"మా పెద్దకోడలికి తల్లి లేదమ్మా. పురిటికి వెళ్ళడానికి ఇల్లు లేదు. నా దగ్గరే ఉంది. పొద్దున్నే అందరికీ వండి కాలేజీకి వెళ్ళేది, వచ్చి మళ్ళీ వండేది. ఏం తిన్నావే అని నేను ఒక్కనాడూ అడగలేదు. పిల్ల ఇంతే పుట్టింది. దాని ఒంట్లోనే బలం లేదని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. బలం లేక కాదమ్మా, నేను పెట్టక."

ఆవిడ నా వైపు చూడలేదు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళకి చెప్పారు. ఎప్పటినుంచి ఆవిడకి ఆ సంగతి తెలుసో నాకు తెలియదు. మా వంటింట్లో ఇన్నేళ్ళుగా రోజూ పక్కపక్కన నిలబడ్డాం, అక్కడ ఒక్కసారీ అనలేదు. మా తోటికోడలి సభలో, మా తోటికోడలి మైకులో అన్నారు. నేను తలొంచుకుని తూకం ముల్లు సరిచేస్తున్నట్టు నటించాను. ముందున్న కాగితం మీద అక్షరాలు అలుక్కుపోతుంటే పెన్ను పక్కన పెట్టేశాను.

తర్వాత లడ్డూలు పంచారు. ఆ రోజు పద్ధతి ఏమిటంటే, లడ్డూ అత్త చేతికిస్తారు, అత్త తన కోడలికి తినిపించాలి. నా బల్లకి దగ్గరగా ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఏడో నెల. తొలి కాన్పు. తల్లి లేదని ఇందాకే రాసుకున్నాను. వాళ్ళత్త చాలాసేపు లడ్డూ చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది. తర్వాత విసుగ్గానే ఒక ముక్క విరిచి, నోరు తెరువు అంది. ఆ పిల్ల సిగ్గుతో నవ్వి నోరు తెరిచింది. రెండో ముక్క ఆవిడే అడక్కుండా పెట్టింది.

మా అమ్మాయి అప్పటికి హైస్కూలుకి వచ్చేసింది. ఆ పిల్ల నోట్లో లడ్డూ నములుతూ అత్త వైపు చూస్తుంటే నాకు వచ్చినంత కుళ్ళు, మా తోటికోడల్ని చూసి కూడా ఎప్పుడూ రాలేదు.